అయిదు మార్కుల అగ్నిపర్వతం

బడి పక్కన ఉండే స్టేషనరీ కొట్టతనికి పరీక్షలు ఎప్పుడో ఎవరూ చెప్పక్కర్లేదండీ. జూలై సగానికి వచ్చేసరికి థర్మోకోల్ షీట్లు, రంగు చార్టులు, మెరుపు కాగితాలు గుమ్మం బయటికి వచ్చేస్తాయి. వాటి పక్కనే ముందే చేసిపెట్టిన అగ్నిపర్వతం, సౌరకుటుంబం, ఇంకుడు గుంత, గాలిమర. "ప్రాజెక్టా మేడం? ఎన్నో క్లాసు?" అంటాడు. క్లాసు చెబితే చాలు, వస్తువు మన చేతిలో పెడతాడు, పేరు రాసుకోవడానికి తెల్ల స్టిక్కరుతో సహా. ఆ స్టిక్కరు మీద పేరు రాయడం ఒక్కటే పిల్లవాడికి మిగిలే పని. కొన్ని ఇళ్లలో అదీ అమ్మే రాస్తుంది, చేతిరాత బాగుంటుందని.

కొట్టతన్ని తప్పు పట్టడానికి నేనిది రాయడం లేదు. రాత్రి పదకొండింటికి ఫెవికాల్ చేతులతో కూర్చున్న తల్లిని అసలే కాదు. అడిగింది ఇచ్చేవాడు వ్యాపారి, బడి అడిగింది పంపించేది తల్లి. మరి బడి ఏమడుగుతోంది? "ఒక వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టు" అంటోంది. వస్తువు వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో బల్లకేం తెలుసు?

నేను చెప్పాలనుకున్న మాట ఒక్కటే. చేసిన వస్తువుకు మార్కులు వేసినన్నాళ్లూ పిల్లలు వస్తువులే తెస్తారు. ఎవరి కోసం చేశారు, ఎలా ఆలోచించారు, ఎక్కడ పాడుచేసుకున్నారు, మళ్ళీ ఎలా దిద్దుకున్నారు అన్నదానికి మార్కులు వేసిన రోజున చేయడం మొదలుపెడతారు.

ముందు మన దగ్గర ఈ మార్కుల లెక్క ఎలా ఉందో చూద్దాం. మా తెలంగాణ స్టేట్ సిలబస్‌లో ఎఫ్.ఏ. అంటే 20 మార్కులు. అందులో పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 5, రాతపనులకు 5, ప్రాజెక్టు పనికి 5, స్లిప్ టెస్టుకు 5. బట్టీ చదువులు తగ్గించాలని, పిల్లలు చేతులతో, కళ్ళతో కూడా నేర్చుకోవాలని తెచ్చిన పద్ధతి ఇది. ఆలోచన చాలా మంచిది. కానీ సబ్జెక్టులు ఆరు, ఎఫ్.ఏ.లు నాలుగు. అంటే ఒక్క పిల్లకు ఏడాదికి 24 ప్రాజెక్టులు. ఏ పిల్ల ఆలోచించి, కొలతలు వేసుకుని, చేసి, విప్పి, మళ్ళీ చేస్తుంది 24 సార్లు?

టీచరు వైపు నుంచి చూసినా అంతే. ఒక సైన్సు టీచరుకు అయిదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకోండి. 200 మంది. నాలుగు ఎఫ్.ఏ.లకు 800 ప్రాజెక్టులు. ఒక్కోదానికి అయిదు నిమిషాలు పెట్టినా 60 గంటలకు పైనే. ఆ టైము ఆమెకు ఎవరిస్తారు? అందుకే దూరం నుంచి చూస్తుంది. నీట్‌గా ఉందా, రంగులు బాగున్నాయా, పెద్దగా ఉందా. పైన పటారం చూసి మార్కు వేస్తే లోన లొటారం ఎవరికి కనిపిస్తుంది?

నా కూతురి సంగతి ఒకటి చెబుతాను. పోయిన ఏడు ఎనిమిదో తరగతి. ఇంట్లో పనికొచ్చే వస్తువు ఏదైనా చేసుకురమ్మన్నారు. మా అత్తగారికి వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి. ఇంట్లో 20 లీటర్ల నీళ్ళ డబ్బా. నిండు డబ్బా అంటే 20 కిలోల బరువు. దాన్ని వంచి చెంబులో నీళ్ళు పోసుకోవడం ఆమె వల్ల కాదు, ఎవరో ఒకరు వచ్చేదాకా దాహంతోనే కూర్చుంటుంది. "నానమ్మ వేలితో నెడితే డబ్బా దానంతటదే వంగాలి" అని నా కూతురు మొదలుపెట్టింది.

ఒక పాత స్టూలు, సైకిల్ ట్యూబు ముక్కలు, మా వీధి చివర వడ్లాయన ఇచ్చిన చెక్కలు, ఒక ఇనుప కడ్డీ. కడ్డీయే ఇరుసు. డబ్బాను ఒక చట్రంలో కట్టి, ఆ చట్రం ఇరుసు మీద ఊగేలా చేయాలి. మొదటిసారి ఇరుసు డబ్బా అడుగు దగ్గర పెట్టింది. కొంచెం కదిలించగానే డబ్బా బోర్లా పడి వంటింట్లో చెరువైంది. రెండోసారి భయపడి ఇరుసు మూతి దగ్గరికి తీసుకుపోయింది. ఈసారి డబ్బా పడదు కానీ వంచడానికి నా బలమే చాలలేదు, నానమ్మ సంగతి సరేసరి. అప్పుడు వడ్లాయన ఒక ప్రశ్న అడిగాడు. "నిండు డబ్బాకు చూస్తున్నవా బిడ్డా, సగం డబ్బాకు చూస్తున్నవా? నీళ్ళు తగ్గుతుంటే బరువు కిందికి దిగుతది కదా."

ఆ పిల్ల ఆ రాత్రి నోట్సులో డబ్బా బొమ్మలు నాలుగు గీసింది. నిండుగా ఉన్నది, సగమున్నది, పావు ఉన్నది, ఖాళీది. ఒక్కోదానికి బరువు ఎక్కడ నిలుస్తుందో చుక్క పెట్టుకుంది. గరిమనాభి అని పుస్తకంలో ఉన్న మాట ఆమెకు ఆ రాత్రి అర్థమైంది. మూడోసారి ఇరుసు డబ్బా నడుముకు కాస్త పైగా వచ్చింది. చట్రం వెనక్కి పోకుండా ఒక చెక్క అడ్డం పెట్టింది. మా అత్తగారు రెండు వేళ్ళతో నెట్టి చెంబు నింపుకుని, "మంచిగుంది బిడ్డా" అంది.

బడిలో అయిదుకు మూడు వచ్చాయి. కారణం, ఫినిషింగ్ లేదు. నిజమే, లేదు. చెక్కలు ఒక రంగువి కావు, ట్యూబు ముక్కలు నల్లగా వేలాడుతున్నాయి. పక్క పిల్ల తెచ్చిన అగ్నిపర్వతానికి అయిదు. అది కొట్టులోదని క్లాసులో అందరికీ తెలుసు. నోట్సు ఎవరూ తెరవలేదు. చెరువైన వంటిల్లు గురించి ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి నా కూతురు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "వచ్చేసారి కొనుక్కుందాం మమ్మీ" అంది, అంతే.

పోయినవి రెండు మార్కులే. కానీ ఆలోచించి చేయడం దండగ అని పదమూడేళ్ళ పిల్లకు అర్థమైంది చూశారా, నా బాధంతా అదే. ఆ టీచరు మంచి మనిషి. 200 మంది పిల్లల మధ్య ఆమెకు కనిపించిందల్లా బల్ల మీది వస్తువు. ఏం చూడాలో బడి చెప్పకపోతే ఎవరైనా ముందు కంటికి కనిపించిందే చూస్తారు.

మా ఆడబిడ్డ వాళ్ళు ఇంగ్లండులో ఉంటారు. వాళ్ళబ్బాయి అక్కడ జి.సి.ఎస్.ఈ. చదువుతున్నాడు, మన పదో తరగతి లాంటిది. వాడు తీసుకున్న సబ్జెక్టుల్లో ఒకటి డిజైన్ అండ్ టెక్నాలజీ. 1990 నుంచి అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో ఉన్న సబ్జెక్టు. ఫోనులో వాడు చెప్పిన సంగతులు విని, తర్వాత నేను కూడా వెతికి చదువుకున్నాను.

అందులో సగం మార్కులు రాత పరీక్షకు. మిగతా సగం ఒకే ఒక్క పనికి. 24 కాదు, ఒక్కటే. పరీక్ష బోర్డు ప్రతి ఏటా జూన్ 1న కొన్ని విశాలమైన విషయాలు ప్రకటిస్తుంది. వయసు మళ్ళిన వాళ్ళ అవసరాలు అన్నట్టుగా ఉంటాయవి. వాటిలోంచి పిల్లలు తమకు నచ్చిన సమస్యను తామే వెతుక్కోవాలి. 30 నుంచి 35 గంటల పని. టీచరు కళ్ళ ముందు బడిలో చేయాల్సిందే. ఇది ఈ విద్యార్థి సొంతంగా చేసిన పనేనని టీచరు సంతకం పెట్టాలి. టీచరు వేసిన మార్కులు సరిగ్గా ఉన్నాయో లేదో బోర్డు కొన్ని నమూనాలు తెప్పించుకుని సరిచూస్తుంది.

ఆ పనికి వంద మార్కులు ఎలా పంచారో వింటే నాకు ఆశ్చర్యం వేసింది. ఏ.క్యూ.ఏ. అనే బోర్డు లెక్క చెబుతాను. సమస్యను వెతికి, దాన్ని వాడే మనుషులతో మాట్లాడి పరిశోధించినందుకు 10. ఏం చేయబోతున్నారో, అది ఎలా ఉండాలో స్పష్టంగా రాసుకున్నందుకు 10. రకరకాల ఆలోచనలు గీసినందుకు 20. వాటిని పరీక్షించి మెరుగుపరిచినందుకు 20. వస్తువు చేసినందుకు 20. చివరికి అది పనిచేసిందా లేదా, ఇంకా ఏం మార్చాలి అని తమను తాము విమర్శించుకున్నందుకు 20. అంటే చేసిన వస్తువుకు వందలో ఇరవయ్యే! మిగతా ఎనభై ఏ కొట్టులోనూ దొరకవు.

మా అల్లుడు ఒక చెయ్యి సరిగా పనిచేయని ఒక పెద్దాయన కోసం రొట్టె కోసుకునే పలక చేస్తున్నాడు. రొట్టె జారిపోకుండా అంచు ఎంత ఎత్తు ఉండాలో తేల్చుకోవడానికి ముందు అట్టముక్కతో చేశాడు, తర్వాత మెత్తటి ఫోముతో, ఆ తర్వాత చెక్కతో. "చెడిపోయినవి పారెయ్యకూడదు అత్తమ్మా, వాటి ఫోటోలు కూడా పెట్టాలి. ఎందుకు చెడిపోయాయో రాయాలి. లేకపోతే మార్కులు పోతాయి" అన్నాడు. నా కూతురి నోట్సు గుర్తొచ్చి నా మనసు చివుక్కుమంది. ఒక చోట చెడిపోయింది దాచుకుంటే మార్కులు పోతాయి, ఇంకో చోట చూపించుకుంటే పోతాయి.

అక్కడంతా బంగారమని నేననడం లేదు. పదో తరగతి స్థాయిలో ఆ సబ్జెక్టు తప్పనిసరి కాదు, తీసుకునే పిల్లల సంఖ్య ఈ ఇరవై ఏళ్ళలో బాగా పడిపోయింది. వర్క్‌షాపులు, యంత్రాలు, అవి నేర్పగల టీచర్లు ఖర్చుతో కూడిన పని. మార్కుల కోసం అవసరం లేని పేజీలు నింపే పిల్లలు అక్కడా ఉంటారు. మనం వాళ్ళ యంత్రాలు తెచ్చుకోనక్కర్లేదు. మార్కులు పంచిన ఆ తీరు మాత్రం చూసి నేర్చుకోవలసిందే.

అయినా ఇది మనకు కొత్త సంగతా? చేతిపని ద్వారా చదువు అని గాంధీగారు 1937లో వార్ధా సభలో పెట్టిన మాటే కదా. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేసి దానికి పాఠ్యప్రణాళిక కూడా రాయించారు. 1964-66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికే ఎస్.యు.పి.డబ్ల్యు. అని పేరు పెట్టింది, సమాజానికి పనికొచ్చే ఉత్పాదక శ్రమ అని.

నా వయసు వాళ్ళకు జిల్లా పరిషత్ హైస్కూల్లో క్రాఫ్టు పీరియడు గుర్తుండే ఉంటుంది. మాకు ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు. మగపిల్లలకు తోటపని. అంట్లు కట్టడం మాకెందుకు నేర్పరో, గుండీ కుట్టుకోవడం వాళ్ళకెందుకు నేర్పరో ఎవరూ అడగలేదు. పబ్లిక్ పరీక్షలో దానికి మార్కులు లేవు. కాబట్టి పరీక్షలు దగ్గర పడగానే లెక్కల సారు ఆ పీరియడు తీసేసుకునేవాడు. మార్కులు లేకపోతే ఆ పని విలువ అలా పోయింది. ఇప్పుడు మార్కులు ఇచ్చి వస్తువును అడిగితే ఆ పని బజారుకు పోయింది. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది, అదే చేసిన తీరుకు మార్కులు ఇవ్వడం.

మన మల్లేశం గారి కథ తెలియని వాళ్ళుండరు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. పోచంపల్లి చీరలకు ఆసు పోయడమంటే చేయి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేయాలనుకున్నారు. 1992లో మొదలుపెడితే 1999కి గానీ యంత్రం పూర్తిగా పనిచేయలేదు. అమ్మ పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

మన బడి లెక్కన ఆలోచించండి. 1995లో ఆయన్ని పిలిచి, "నీ ప్రాజెక్టు బల్ల మీద పెట్టు" అంటే ఎన్ని మార్కులు? సున్నా. అప్పటికి ఆయన దగ్గర వస్తువు లేదు. ఒక అమ్మ భుజం నొప్పి ఉంది, మూడేళ్ళ పొరపాట్లు ఉన్నాయి, వాటిలోంచి నేర్చుకున్నది ఉంది. ఆ ఏడేళ్ళలో ఎక్కువ భాగం చేతిలో పూర్తయిన యంత్రం లేని రోజులే కదా. ఆ రోజుల్ని లెక్కపెట్టడం రాని పరీక్ష ఏం పరీక్షండీ?

ఇదేమీ మనకు అర్థం కాని పెద్ద శాస్త్రం కూడా కాదు. జాకెట్టు కుట్టేటప్పుడు కచ్చా కుట్టు ఎందుకు వేస్తాం? వేసి చూసుకుని, చంక దగ్గర పట్టేస్తే విప్పడానికి. ఆ కచ్చా కుట్లు చివరికి ఊడదీసేస్తాం, జాకెట్టులో అవి కనిపించవు. కానీ అవి లేకపోతే జాకెట్టు ఒంటికి కుదరదు. చారు మరుగుతుంటే అరచేతిలో చుక్క వేసుకుని ఉప్పు చూసి, మళ్ళీ చింతపండు రసం పోసే మనిషికి రూపకల్పన అంటే ఏమిటో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మన వంటిళ్ళలో రోజూ జరిగే పనే బడికి వెళ్ళేసరికి ఎందుకో సిగ్గుపడాల్సిన పని అవుతోంది. పిల్లల కచ్చా కుట్లకు బడిలో చోటు లేదు.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది, ఆడవాళ్ళం మనమే మాట్లాడాలి. వస్తువుకు మార్కులు వేసినప్పుడు నిజానికి ఎవరికి వేస్తున్నారు? తల్లి తీరికకు, తండ్రి జేబుకు. పొద్దున్నే పత్తి ఏరడానికి పోయే తల్లి కూతురికి రాత్రి పదకొండింటికి థర్మోకోల్ కోసిచ్చే వాళ్ళెవరు? ఆ పిల్ల అట్టపెట్టె మీద సొంతంగా గీసుకొచ్చిన బొమ్మ, ఇంకో పిల్ల మూడు వందలు పెట్టి కొనుక్కొచ్చిన బొమ్మ పక్కపక్కన పెడితే ఏది మెరుస్తుంది? చదువులో పేదపిల్లలు వెనకబడ్డారని బాధపడే మనం, ఆ వెనకబాటుకు బడిలోనే ఒక బల్ల వేసి మార్కులు వేస్తున్నాం. అదే "ఎవరి కోసం చేశావు, ఎందుకు ఇలా చేశావు, మొదట ఏం చెడిపోయింది" అని అడిగి చూడండి. బావి దగ్గర, పొలం దగ్గర, పశువుల కొట్టం దగ్గర రోజూ సమస్యల మధ్య తిరిగే ఆ పిల్ల దగ్గర చెప్పడానికి ఎంతుంటుందో.

ఈ మోసం పోవాలంటే ఇంటర్నల్ మార్కులే ఎత్తేస్తే సరి అనేవాళ్ళున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2019లో తీసేశారు. మా దగ్గర కూడా 2024 నవంబరులో తీసేస్తామని ప్రకటించి, ఆ ఏడాదికి వాయిదా వేశారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పిల్లలందరికీ ఇరవైకి ఇరవై వేసే బడుల్ని చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కానీ తీసేస్తే ఏమవుతుంది? మళ్ళీ మా క్రాఫ్టు పీరియడు గతే. మూడు గంటల రాత పరీక్షలో ఇరుసు ఎక్కడ పెట్టాలో పిల్ల రాయగలదేమో, పెట్టి చూసే అవకాశం మాత్రం ఉండదు.

డబ్బులు లేవు, పరికరాలు లేవు అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వచ్చాయి, ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. ఇన్‌స్పైర్-మనక్‌లో ఎంపికైన విద్యార్థికి నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తున్నారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర, తోటమాలుల దగ్గర పని నేర్చుకోవాలంది. మా వడ్లాయన అడిగిన ప్రశ్న విన్న దాన్ని కాబట్టి ఆ పది రోజుల విలువ నాకు తెలుసు. కానీ ల్యాబు వచ్చినా, సంచీ తీసేసినా, చివర్లో మళ్ళీ "వస్తువు బల్ల మీద పెట్టు" అంటే ల్యాబు పక్కన కూడా ఒక కొట్టు వెలుస్తుంది.

సరే, ఏం చేద్దామంటారు అంటే, ఈ అయిదు మార్కులే మరో రకంగా పంచుదాం అంటాను. అదనపు డబ్బు అక్కర్లేదు.

ఒక మార్కు: ఈ సమస్య ఎవరిది? ఆ మనిషితో మాట్లాడావా, ఏమన్నారు?

ఒక మార్కు: కొలతలతో గీసిన బొమ్మలు. ఒకటి కాదు, కనీసం మూడు రకాలు.

ఒక మార్కు: మొదటిసారి ఏం పాడైంది, ఎందుకు? పాడైన ముక్క గానీ, దాని బొమ్మ గానీ చూపించాలి.

ఒక మార్కు: చివరికి చేసింది పనిచేస్తోందా? అందంగా ఉండక్కర్లేదు, పనిచేస్తే చాలు.

ఒక మార్కు: క్లాసు ముందు నిలబడి రెండు నిమిషాలు చెప్పాలి, తోటిపిల్లలు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి.

దీనికి రెండు షరతులు. మొదటిది, పని బడిలోనే, పీరియడులోనే జరగాలి, ఇంట్లో ఉన్న పాత సామానుతో. కొన్న మోడల్ చెల్లదు. రెండోది, సంఖ్య తగ్గాలి. సబ్జెక్టుకు నాలుగు చొప్పున 24 కాదు, సైన్సు, లెక్కలు, సోషల్ కలిపి ఏడాదికి రెండు చాలు. నలుగురేసి పిల్లలు ఒక జట్టు అనుకుంటే నలభై మందికి పది జట్లు. ఒక్కో జట్టుకు ఎనిమిది నిమిషాలిచ్చినా 80 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. 800 బొమ్మల్ని దూరం నుంచి చూసే టీచరు కంటే పది జట్లతో కూర్చుని మాట్లాడే టీచరుకు పని ఎక్కువా తక్కువా మీరే చెప్పండి.

ఇలా మార్కులు వేస్తే తేడాలు రావా, ఒక టీచరు ఎక్కువ, ఇంకొకరు తక్కువ వేయరా అని అడగొచ్చు. వేస్తారు. ఇప్పుడు వేయడం లేదా? కనీసం అప్పుడు పిల్ల చేతిలో ఒక నోట్సు ఉంటుంది, టీచరు ఎందుకు తగ్గించిందో చెప్పడానికి అయిదు గీతలుంటాయి. పక్క బడి టీచరు వచ్చి ఓ నాలుగు నోట్సులు సరిచూసినా చాలు. ఫినిషింగ్ లేదు అన్న ఒక్క మాటతో ఎవరి కష్టమూ కొట్టుకుపోదు.

సైన్సు ఫెయిర్ రోజున అందంగా అలంకరించిన హాలు చూసి మురిసిపోయే మనం కూడా కొంచెం మారాలి. ఆ హాల్లో ఒక మూల చెడిపోయిన వస్తువుల బల్ల ఒకటి ఎందుకు ఉండకూడదు? బోర్లా పడిన డబ్బా చట్రం, వంగిపోయిన గాలిమర, వెలగని బల్బు, వాటి పక్కన పిల్లల చేతిరాతలో కారణాలు. ఆడపిల్లలు మెరుపులు అద్దడం, మగపిల్లలు వైర్లు కలపడం అనే పంపకం కూడా ఆ బల్ల దగ్గర ఆగిపోతుంది. ఎందుకు చెడింది అన్న ప్రశ్న ఇద్దరికీ ఒకటే.

ప్రభుత్వం మారేదాకా ఆగక్కర్లేదు. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్ళినప్పుడు ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చాక లేచి రావద్దు. "టీచరుగారూ, మా పాప ప్రాజెక్టులో మొదట ఏం పాడుచేసిందో, తర్వాత ఎలా సరిచేసిందో మీకు చూపించిందా?" అని మర్యాదగానే అడగండి. ఒక్కరు అడిగితే వింతగా చూస్తారు. పది మంది అడిగితే ఒక కాలం పెరుగుతుంది మార్కుల రిజిస్టరులో. నేను ఈ సోమవారం అడగబోతున్నాను. మీరూ అడిగి, ఏమన్నారో నాకు రాయండి.